పొగ బాబాయి పనితనం

పొగ బాబాయి పడవ రేవుకి వస్తోందని తెలుసుకోవడానికి కళ్లు అక్కర్లేదు, ముక్కు చాలు. ముందు మాడు వాసన వస్తుంది. ఆ తరవాత నీలం రంగు పొగ వస్తుంది. ఆ పొగలోంచి దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ జనం దిగుతారు. అందరూ దిగాక, పెళ్లికొడుకు మండపంలోకి వచ్చినంత తీరిగ్గా బాబాయి దిగుతాడు. చొక్కా జేబులో ప్లగ్గు స్పానరు, చెవి వెనక మడత పెట్టిన గరుకు కాగితం ముక్క. దిగేముందు మోటారు నెత్తి మీద ఓసారి తట్టి, గట్టు మీద ఎవరైనా చూస్తున్నారా అని చూస్తాడు. ఎవరూ చూడకపోతే మళ్లీ తడతాడు.

ఆ మోటారు వాడిది కాదు. పడవా వాడిది కాదు. రెండూ వాడి అక్కవి. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ ఆయనే నడిపాడు. ఆయన పోయాక బంధువులంతా చేరి, "మోటారు తాడు లాగడం ఆడమనిషి వల్లయ్యే పనా? తమ్ముడున్నాడుగా," అని తీర్పు చెప్పి, టీలు తాగి వెళ్లిపోయారు. తమ్ముడు ఉన్న మాట నిజమే. ఉండడం తప్ప వాడికి వేరే అర్హత లేదని ఆవిడకి అప్పుడే తెలుసు. తెలిసీ ఊరుకుంది. అప్పట్నుంచి రేవు మెట్ల పక్కన రేకుల గదిలో కూర్చుని టికెట్లు చింపి ఇస్తూ, కిటికీలోంచి తన మోటారు పొగలు కక్కుకుంటూ వెళ్లడం చూస్తూ ఉండేది.

తమ్ముడు కుర్రతనంలో ఒక లారీ షెడ్డులో లైటు పట్టాడు. మేస్త్రీ లారీ కింద దూరితే వీడు పక్కన చతికిలబడి లైటు పట్టుకోవాలి, అంతే పని. ఆ లైటు కూడా మేస్త్రీ కళ్లలోకి పడుతున్నాడని కొన్నాళ్లకే సాగనంపారు. కానీ వాడి నోట ఆ కథ వేరేగా ఉంటుంది. "లారీ ఇంజన్లు విప్పి మళ్లీ బిగించిన చెయ్యక్కా ఇది. ఈ బుల్లి మోటారు నాకో లెక్కా?" అంటాడు. లెక్కేనని మోటారు రోజూ నిరూపిస్తూనే ఉండేది.

అసలు ఆ రకం మోటారుకి ఆయిల్ పోసే చోటు వేరే ఉండదు. టూ-స్ట్రోకు. పెట్రోల్లోనే ఆయిల్ కలిపేయాలి. పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా లోపలికి వెళ్లి, అరిగే చోటల్లా తడిపి, ఆ మంటలోనే తనూ కాలిపోతుంది. కాబట్టి ఏ ఆయిల్ కలుపుతున్నాం, ఎంత కలుపుతున్నాం అన్న దాని మీదే దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. రేవులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. బాబాయికి తెలిసింది మాత్రం ఇంకో శాస్త్రం. ఆ శాస్త్రానికి కర్త, వ్యాఖ్యాత, శిష్యుడు అన్నీ వాడే.

ఆ శాస్త్రం ప్రకారం ఆయిల్‌ని సీసా మీద చదివి కొనకూడదు, వేళ్ల మధ్య నలిపి కొనాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగాలి. సాగితే బలం, సాగకపోతే మోసం. రేవు ఎదురుగా ఉన్న ఇంజను సామాన్ల కొట్లో ఈ పరీక్ష నెలకోసారి జరిగేది. కొట్టాయన పడవ మోటార్లకని విడిగా వచ్చే ఆయిల్ డబ్బా తీసి బల్ల మీద పెట్టేవాడు. వీడు మూత తిప్పి, వేలు ముంచి, ముక్కు విరిచేవాడు.

"ఇది నూనా, నీలిమందు కలిపిన నీళ్లా?"

"పడవ మోటారు నీళ్లతో చల్లబడుతుంది బాబాయి. దానికి పలచటిదే పొయ్యాలని కంపెనీ వాళ్లు..."

"కంపెనీవాళ్లు కుర్చీల్లో కూర్చుని రాస్తారయ్యా. నదిలోకి వెళ్లేది వాళ్లా, నేనా?"

"నువ్వే బాబాయి," అనేవాడు కొట్టాయన. ఆయన కొట్లో కొనేవాళ్లు చెప్పిందే నిజం. వీడు ఆ డబ్బా వెనక్కి నెట్టి, మూలనున్న పీపాలోంచి లారీలకి పోసే నల్లటి చిక్కటి ఆయిల్ క్యానులో పట్టించుకునేవాడు. పట్టించుకుంటూ, "ఏనుగు తినే తిండి మేకకి పెట్టి చూడు, ఎలా దూకుతుందో," అని నవ్వేవాడు. మేక ఏమవుతుందో వాడికి తట్టేది కాదు. కొట్టాయనకి తట్టినా చెప్పేవాడు కాదు, ప్లగ్గులు కూడా ఆయనే అమ్ముతాడు మరి.

ఇక ఎంత కలపాలన్నది వాడి చెయ్యివాటం. బావ వాడిన గీతల గ్లాసు ఒకటుండేది. దాన్ని వాడు గడ్డం గీసుకోవడానికి నీళ్లు పెట్టుకునే గ్లాసు చేశాడు. "కొలిచి పోసేవాడు పిసినారి, చూసి పోసేవాడు పనివాడు," అనేవాడు. చూసి పోసి, పోశాక జాలేసి ఇంకాస్త పోసేవాడు. ఆయిల్ ఎక్కువైతే ఇంజనుకి మంచిదే కానీ చెడు కాదని వాడి నమ్మకం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవాడితో మనం ఏం మాట్లాడతాం? అక్క ఒకట్రెండుసార్లు మాట్లాడి చూసింది. "టికెట్లు చింపుకో అక్కా, ఇంజను సంగతి నాకొదిలెయ్," అన్నాడు.

ఇంత చేస్తే మోటారు ఏం చేస్తుంది? ఆగిపోతుంది. సరిగ్గా నది మధ్యలో, నీటి లాగుడు ఎక్కువగా ఉన్నచోట, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. పడవ పక్కకి తిరిగి కొట్టుకుపోవడం మొదలెట్టేది. ఆడవాళ్లు పిల్లల్ని గట్టిగా పట్టుకునేవాళ్లు. అప్పుడు లేచేవాడు బాబాయి. కంగారు ఉండదు. "ఎవరూ కదలకండి, నేనున్నాను," అనేవాడు. మోటారు మూత ఎత్తి, స్పానరు తిప్పి, నల్లటి జిడ్డు కారుతున్న ప్లగ్గు బయటికి తీసి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకునేవాడు. చెవి వెనక గరుకు కాగితంతో దాన్ని రుద్ది, ఊది, బిగించి, తాడు లాగేవాడు. మోటారు బుర్రుమనేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు.

అదీ వాడి పేరు ప్రతిష్ఠ. "బాబాయి లేకపోతే ఆ రోజు సముద్రంలో కలిసేవాళ్లం," అని చెప్పుకునే కుటుంబాలు అవతలి గట్టు మీద ఇప్పటికీ ఉన్నాయి. రోగం పెట్టినవాడే మందిస్తున్నాడని ఒక్క బుర్రకైనా తట్టలేదు. పడవ ఎక్కే జనం తెలివి కూడా చెప్పుకోదగ్గది కాదు. ఆగకుండా తీసుకెళ్లిన పడవని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆగిన పడవే కథ అవుతుంది. ఆ కథల్లో తమ్ముడు వీరుడవుతుంటే, అక్క రేకుల గదిలో కూర్చుని పళ్లు కొరుక్కునేది. వాడంటే ఆవిడకి కోపం ఎప్పుడో పోయింది. ఏవగింపు మిగిలింది.

అవతలి గట్టు మీద చేపలు శుభ్రం చేసి ఐసులో సర్దే పెద్ద షెడ్డు ఉంది. ఇవతలి నుంచి పనికి వెళ్లే ఆడవాళ్లే ఆ పడవకి అసలు ఆధారం. మిగతా జనం వస్తే వస్తారు, లేకపోతే లేదు. ఒకరోజు షెడ్డు సూపర్‌వైజరమ్మ స్వయంగా రేకుల గదికి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ పడవ ఆగినప్పుడల్లా నా ఐసు కరుగుతోందమ్మా. మనుషులు రాకుండా చేపలు వచ్చేస్తున్నాయి. కింద రేవులో కొత్త పడవాయన అడుగుతున్నాడు. ఈ నెల చూస్తాను. ఒక్క పొద్దు ఆలస్యమైనా ఆయన్నే పెట్టుకుంటాను. తరవాత నన్ననొద్దు."

అక్కకి ఆ రాత్రి అన్నం సహించలేదు. షెడ్డు పని పోతే పడవ గట్టునే ఉంటుంది. పడవ గట్టునుంటే ఇంట్లో పొయ్యి కూడా అంతే. తమ్ముడితో చెబితే వాడు మీసం సర్దుకుని, "నేనుండగా ఆలస్యమా? ఎంతసేపు, ప్లగ్గు మార్చడానికి?" అన్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్న సామెత ఎవరిని చూసి పుట్టిందో ఆవిడకి ఆ క్షణంలో అర్థమైంది.

అదృష్టం బాగుండి, వాడి అత్తారింట్లో వాటాల గొడవ వచ్చింది. వాడిని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా పెద్దమనిషిగా వెళ్లి తీర్పు చెప్పాలని వాడికి దురద పుట్టింది. "మోటారు ఎలా అక్కా?" అని అడిగాడు మాటవరసకి.

"దాని సంగతి నేను చూసుకుంటాలే. నిదానంగా రా. తొందరేం లేదు," అంది ఆవిడ. అంత తియ్యగా ఆవిడ వాడితో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

వాడు బస్సెక్కగానే మోటారు విప్పించి, రిక్షాబండి మీద వేయించి, పైరేవు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నోరు మంచిది కాదని పేరు. ఇంజను తలకాయ విప్పి లోపలికి చూశాడు. అడుగంటి మాడిన గిన్నెలా ఉంది లోపలంతా. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మసిలో కూరుకుపోయి కదలడం లేదు. పొగ బయటికి పోయే దారి సగం పూడిపోయింది.

"ఎవడమ్మా దీన్ని నడిపేది?"

"మా తమ్ముడు."

"సొంత తమ్ముడేనా?"

"సొంతమే బాబూ, ఏం చేస్తాం."

"ఏం పోస్తాడు?"

"లారీ ఆయిల్. చిక్కగా ఉండాలంటాడు."

మెకానిక్కు చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి ఆవిడ వంక చూశాడు. "లారీ ఆయిల్ లారీ ఇంజను అడుగున ఉంటుందమ్మా, కాలదు. ఇక్కడ ఆయిల్ కాలిపోవాలి. కాలి, బూడిద మిగలకూడదు. అందుకే పడవ మోటారుకి పడవ ఆయిలే. రోడ్డు మీద బండికి పోసే టూ-స్ట్రోకు ఆయిల్ కూడా వద్దు, అది వేడి ఇంజన్లకి. యాభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్. ముందు కాస్త పెట్రోలు, దాంట్లో ఆయిల్, మూతేసి బాగా కుదిపి, ఆ మీద మిగతా పెట్రోలు. అంతే."

"ఎక్కువ పోస్తే మంచిదంటాడు మావాడు."

"అన్నం మంచిదని ముక్కులో కూడా కూరుకుంటాడేమో అడుగు."

ఆవిడకి నవ్వొచ్చింది. చాలా కాలానికి కడుపారా నవ్వింది. ఆయన మసంతా గీకి, రింగులు విడిపించి, ప్లగ్గులు కొత్తవి వేసి ఇచ్చాడు. ఆవిడ ఇంటికొచ్చి తమ్ముడి గడ్డం గ్లాసు సబ్బుతో రెండుసార్లు తోమింది. లోపల భర్త గీయించిన గీతలు ఇంకా ఉన్నాయి.

తాడు లాగడం ఆడమనిషి వల్లయ్యే పనేనని మర్నాడు పొద్దున మూడో లాగుడికి తెలిసింది. మోటారు అందుకుంది. పొగ లేదు. ఉందేమోనని వెనక్కి వంగి చూసింది, నీళ్ల మీద సన్నటి ఆవిరి తప్ప ఏమీ లేదు. నది మధ్య నీటి లాగుడు దాటుతుంటే ఆ రెండు దగ్గుల కోసం చెవి రిక్కించింది. మోటారు దగ్గలేదు. షెడ్డు గంట కొట్టకముందే అందరూ గట్టెక్కారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైగా ఒక ముసలావిడ దిగుతూ, "బాబాయి ఎప్పుడొస్తాడమ్మా? ఆయన లేకుండా భయంగా ఉంటోంది, ఏదైనా అయితే ఎలా?" అంది. అక్క ఆవిడ ముఖంలోకి చూసి, చెప్పి ప్రయోజనం లేదని, "వస్తాడు," అని ఊరుకుంది. కానీ తిరుగు ప్రయాణంలో ఖాళీ పడవలో ఒక్కర్తే కూర్చుని, ఇంత తేలికా, ఇంత తేలికైన పనికా వాడిని ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకుని ఊరేగించాను అని, పైకే అనేసింది.

తమ్ముడు వాటాల గొడవని ఇంకాస్త పెద్దది చేసి తిరిగొచ్చాడు. రేవులో దిగి, పొగ లేకుండా వస్తున్న తన అక్క పడవని చూసి, ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక తల పట్టుకున్నాడు.

"ఆయిల్ పొయ్యడం లేదా అక్కా! పొగ రాకపోతే ఆయిల్ లేనట్టే. వారం తిరక్కుండా ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది."

"పట్టేస్తే పట్టెయ్యనియ్. నువ్వు ముందు కూర్చుని, గట్టొచ్చినప్పుడు దూకి తాడు కట్టు."

"తాడా? నేనా?"

"చేతకాదా?"

వాడు కట్టాడు. రోజూ కట్టాడు. కట్టి, గట్టు మీద పదిమందిని పోగేసి మోటారు చావుకి ముహూర్తాలు పెట్టేవాడు. ఈ వారం, వచ్చే వారం, అమావాస్య దాటదు. మోటారు ఆ ముహూర్తాలన్నీ దాటేసింది. వాడి చుట్టూ చేరే జనం పల్చబడ్డారు. "బాబాయ్, ఇంకా పట్టలేదే?" అని కూరల బండివాడు కూడా అడగడం మొదలెట్టాడు. వాడి ముఖం రోజురోజుకీ మాడిపోతుంటే, అక్క చూసి, సిగ్గుపడుతున్నాడు కాబోలు, ఇకనైనా బాగుపడతాడు అనుకుంది. వాడి గురించి ఆవిడ మంచిగా అనుకున్న ఆఖరి మాట అదే. అదీ తప్పే.

నెల ఆఖరి రోజు పొద్దున సూపర్‌వైజరమ్మ ఇవతలి గట్టు నుంచే పడవెక్కింది, వాచీ చూసుకుంటూ. పడవ నిండా షెడ్డు ఆడవాళ్లు. అక్క తాడు లాగింది. మోటారు అందుకుంది కానీ గొంతు వేరేగా ఉంది. గట్టు వదిలేసరికి వెనకాల నీలం పొగ లేచింది. కలిపింది తనే, కొలిచింది తనే, పొరపాటు లేదు. ఆలోచించేలోపే నది మధ్యకి వచ్చారు. మోటారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

పడవ పక్కకి తిరిగింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"ఎవరూ కదలకండి, నేనున్నాను!"

ముందు నుంచి వాడు లేచి వస్తున్నాడు. జనం దారి ఇస్తున్నారు. జేబులోంచి స్పానరు తీశాడు, ఇంకో జేబులోంచి శుభ్రమైన గుడ్డలో చుట్టిన ప్లగ్గులు తీశాడు. తళతళా మెరుస్తున్నాయి. అక్క ఆ ప్లగ్గుల వంకా, వాడి ముఖం వంకా చూసింది. ఎన్నాళ్లుగానో లేని వెలుగు ఆ ముఖంలో.

"ఇవి ఎప్పుడు తెచ్చావురా?"

"పొద్దున్నే."

"ఎందుకు?"

వాడు వంగి స్పానరు తగిలించాడు. "అవసరం పడుతుందని నాకు తెలుసుగా," అన్నాడు. వాడి చేతుల నుంచి లారీ ఆయిల్ వాసన గుప్పుమంది. ఆవిడ ఇంకేం అడగక్కర్లేదు. ట్యాంకు మూత విప్పి చూడక్కర్లేదు కూడా.

ప్లగ్గులు మార్చాడు, తాడు లాగాడు, పొగ కక్కుతూ మోటారు అందుకుంది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. "బాబాయి చేతిలో ఏదో ఉందమ్మా," అంది ఒకావిడ కళ్లొత్తుకుంటూ. వాడు తల వంచుకుని, ఎంతో అణకువగా నవ్వాడు. ఆ అణకువ చూస్తే అక్కకి ఒళ్లు కంపరమెత్తింది. ఈలోగా పడవ చాలా కిందకి కొట్టుకుపోయింది. ఎదురు నీటిలో వెనక్కి వచ్చి గట్టెక్కేసరికి షెడ్డు గంట ఎప్పుడో కొట్టేశారు. ఐసు లారీ వచ్చి నిలబడి ఉంది.

సూపర్‌వైజరమ్మ అందరూ దిగేదాకా ఆగి, అక్క దగ్గరికొచ్చింది. "రేపట్నుంచి వద్దమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు. వెళ్లిపోయింది.

ఇంకా తాడు కట్టని పడవలో ఇద్దరే మిగిలారు. వాడు ప్లగ్గుల గుడ్డ జాగ్రత్తగా మడత పెట్టుకుంటున్నాడు. సూపర్‌వైజరమ్మ అన్న మాట వాడికి వినపడిందో, వినపడినా లెక్కలోకి రాలేదో.

"చూశావా అక్కా. నేను లేకపోతే ఇవాళ ఏమయ్యేవాళ్లు అందరూ?"

"నువ్వు లేకపోతే టైముకి వచ్చేవాళ్లంరా."

వాడు చేతులు ఆపాడు. ఏదో కోత కోయబోయి, ఆవిడ ముఖం చూసి మింగేశాడు. మడిచిన గుడ్డ విప్పి, మళ్లీ మడత పెట్టాడు. చివరికి అడిగినప్పుడు వాడి గొంతులో ఆ డాబు లేదు, లైటు పట్టుకుని నిలబడ్డ కుర్రాడి గొంతులా ఉంది.

"మోటారు ఆగకపోతే మరి నేనెందుకక్కా?"

చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆవిడే. జాలి పడదామనే చూసింది. తనలో ఎక్కడైనా ఉంటుందని వెతుక్కుంది, కాస్తయినా దొరకలేదు. ఇంటి పొయ్యి ఆరిపోతుంటే కూడా వాడడిగింది వాడి గురించే.

"ఎందుకూ కాదురా," అంది. "దిగు."

వాడు లేచి గట్టు మీదకి దూకాడు. దూకి, అలవాటు కొద్దీ పడవ తాడు తీసుకుపోయి గుంజకి గట్టిగా కట్టాడు. అది విప్పుకోవడానికి మళ్లీ ఆవిడే లేవాల్సి వచ్చింది.